ఒక్కరికి సరిపడా వానకోటు

దోబ్రినిష్టె,
మార్చి మొదటి వారం

విహ్రా,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చెయ్యకుండా కాగితం పట్టుకున్నందుకు మెచ్చుకుంటున్నాను. ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నాకు సరిగ్గా వినపడదు, ఇద్దరం కాసేపు "ఆఁ? ఆఁ?" అనుకుని పెట్టేస్తాం. కాగితం మీద ఏడిస్తే కనీసం సిరా అలుక్కుపోయిన చోట తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. "శ్రీమతి నెవెనా గారికి" అని మొదలుపెట్టావు. నేనేమైనా మునిసిపాలిటీనా? నా మనవణ్ని పెళ్ళి చేసుకోబోయినదానివి. వాడు నన్నేమని పిలిచేవాడో నువ్వూ అదే పిలువు.

అసెన్ పోయి ఆరు నెలలైంది. నిన్న ఆనవాయితీ ప్రకారం వాడి ఫొటోతో ఆరు నెలల చావు ప్రకటనలు అంటించాను. మన తలుపుకొకటి, బేకరీ పక్క గోడకొకటి, బస్టాండు స్తంభానికొకటి. జిగురు గడ్డకట్టింది, వేళ్ళూ గడ్డకట్టాయి. నలభయ్యో రోజున వేసిన ఫొటోనే మళ్ళీ వేశాను, స్కూలు చదువు ముగిసినప్పుడు టై కట్టుకుని తీయించుకున్నది. నువ్వు పంపినది వేయలేదు. టోపీ వెనక్కి తిప్పుకుని, జుట్టంతా తడిసి, శిఖరం మీద పళ్ళు బయటపెట్టి నవ్వుతున్న ఫొటో అది. వాణ్ని మింగింది ఆ కొండే. ఆ వేషంలోనే స్తంభానికి అంటించి ఊరందరికీ చూపించమంటావా? టై కట్టిన అసెన్ ఎవర్నీ ఏడిపించలేదు. నాకు వాడు చాలు.

ఇక నీ అసలు సంగతి. వచ్చే సెప్టెంబరులో అదే కొండ పరుగుకి పేరిచ్చానని రాశావు, ఏదో చీటీల పాటకి పేరిచ్చినట్టు. సామాను ఎంత తీసుకెళ్ళాలో ఇంకా తేల్చుకోలేదన్నావు. నన్నడిగితే ఒక గాడిదని తోలుకెళ్ళు.

నా వంటింటి త్రాసు పిండికంటే వాడి మేజోళ్ళనే ఎక్కువ తూచింది. సంచి పట్టీల కొసలు కత్తిరించాడు. పళ్ళు తోముకునే బ్రష్షు పిడి కోశాడు. "పరుగులో పళ్ళు తోముకుంటావుట్రా?" అంటే, "అలవాటు తప్పకూడదు అమ్మమ్మా" అన్నాడు. చివరికి ఏం జరిగిందో నీకు తెలుసు. వడగళ్ళు, వెనకే మంచు. గుర్రప్పిల్ల గట్టు దాటాక కాలు మడతపడింది. కొండ రక్షకులు తెచ్చిచ్చిన సంచిలో లైటుంది, ఈల ఉంది, గాలికి చీలికలైన, వెండి కాగితం లాంటి రేకు దుప్పటుంది. నేను కొనిచ్చిన వానకోటు మాత్రం లేదు.

మీ పరుగువాళ్ళ విద్య నాకు తెలియదనుకోకు. బయల్దేరేముందు తనిఖీ బల్ల దగ్గర కోటు చూపిస్తారు, చేతి మీద ముద్ర వేయించుకుంటారు, నాలుగడుగులు వేసి కంచె అవతల నిలబడ్డ స్నేహితుడి చేతిలో పడేస్తారు. ఏ పోకిరీ చేతిలో పడేశాడోనని ఊళ్ళో ప్రతి మగపిల్లాడి కళ్ళలోకీ చూస్తున్నాను. ఒక్కడూ ఒప్పుకోడు.

రెండు యాపిల్ పళ్ళ బరువు లేదు ఆ కోటు. నాకు ఏడుపు రావడం లేదు విహ్రా, కోపం వస్తోంది. తల్లి పోయినప్పటి నుంచి నా చేతుల్లో పెరిగినవాడు ఇంత తేలిగ్గా పోయాడని కోపం. ఆ కోపం ఉండబట్టే పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిస్తున్నాను. దాన్ని పాడుచెయ్యకు.

నెవెనా


ప్లొవ్‌దివ్,
ఏప్రిల్ చివర

అమ్మమ్మగారికి,

"గారు" ఒక్కటీ ఉంచాను, ఒక్కసారిగా రాదు. క్షమించండి.

సామాను సంగతి తేలిపోయింది. మీకు కోపం వస్తుందని తెలిసీ రాస్తున్నాను. అసెన్ సంచి మీరు నాకిచ్చారు కదా. అందులో ఏమేం ఉన్నాయో అవే తీసుకుంటాను. అదే లైటు, అదే ఈల, రేకు దుప్పటి ఒకటి కొత్తది. కోటు తీసుకోను.

పంతం కాదు. ఆ రోజు నేను రాలేదు. ఇక్కడ ల్యాబులో కూర్చుని ఎవరివో కట్టుడుపళ్ళు అరగదీస్తున్నాను. వాడు కోటు వదిలేసి ఆ గట్టెక్కుతూ ఏమనుకున్నాడో నాకు తెలియాలి. ఊరికే మరిచిపోయాడా? లెక్కవేసే వదిలేశాడా? నా గురించి ఒక్కసారైనా తలుచుకుని, అయినా వదిలేశాడా? కింద కూర్చుని ఆలోచిస్తే తెలియడం లేదు. ఒట్టి చొక్కాతో ఆ గాలిలో నిలబడితే తెలుస్తుందేమో.

తనిఖీలో కోటు చూపించక తప్పదు. చూపించాక ఎవరికైనా అందించాలి. మీరే కంచె దగ్గరికి వస్తారా? ఇంకెవరినీ అడగలేను.

విహ్రా


దోబ్రినిష్టె,
మే నెల

విహ్రా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళద్దాలు లేకుండా చదివానేమో అనుకున్నాను. రెండోసారి పెట్టుకునే చదివాను. మూడోసారి తీసేశాను.

నేను వచ్చి కంచె దగ్గర నిలబడాలి. నువ్వు కోటు నా చేతికివ్వాలి. నేను దాన్ని మడతపెట్టి చంకలో పెట్టుకుని "వెళ్ళిరా తల్లీ" అనాలి. ఇంకేమైనా చెయ్యనా? ప్రకటన ముందే అచ్చు వేయించనా? ఇద్దరికీ కలిపి వేయిస్తే కాగితం కలిసొస్తుంది.

జీవితమంతా స్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. పరిగెత్తే ఒళ్ళు పొయ్యి లాంటిది, ఆగిన ఒళ్ళు గిన్నె లాంటిది. మీరందరూ మేం ఆగం అనుకునే బయల్దేరతారు. సంచి సర్దుకోవాల్సింది పరుగు కోసం కాదు, ఆగిపోయే గంట కోసం. ఇది వాడికీ చెప్పాను. "నేను ఆగను అమ్మమ్మా" అన్నాడు. నువ్వు కూడా అదే మాట అంటే నా ఇంటి గుమ్మం ఎక్కకు.

వాడేమనుకున్నాడో తెలుసుకుంటానన్నావు. చలి వెయ్యగానే మనిషి అనుకునేది ఒక్కటే, "చలేస్తోంది". అది తెలుసుకోవడానికి అంత ఎత్తు ఎక్కక్కర్లేదు. మా నేలమాళిగలో ఊరగాయ జాడీల మధ్య కూర్చో, తలుపు నేనేస్తాను.

బేరమాడదాం. ఏడాది ప్రకటనకి నీ ఫొటో వేస్తాను, ఆ టోపీదే. నువ్వు కోటు వేసుకుని పరిగెత్తు. నాకు మిగిలినదానివి నువ్వొక్కదానివే. ఈ వాక్యం రెండోసారి రాయను.

నెవెనా

తా.క. చెర్రీపళ్ళు బస్సు డ్రైవరుకిచ్చి పంపుతున్నాను. దారిలో వాడు తినగా మిగిలినవి నీవి.


ప్లొవ్‌దివ్,
జులై

అమ్మమ్మా,

చెర్రీపళ్ళు చాలానే మిగిల్చాడు, మంచివాడే.

నేను మీకు చెప్పనిదొకటి ఉంది. ఏప్రిల్ నుంచీ కోటు లేకుండానే తిరుగుతున్నాను. ప్రతి ఆదివారం రొడోపీ కొండల్లో పరిగెత్తి వస్తున్నాను. పోయిన నెల వడగళ్ళు పడ్డాయి. చెట్లు లేని చోట దొరికిపోయాను. మొదట నవ్వొచ్చింది. తర్వాత వేళ్ళు పనిచెయ్యలేదు. రేకు దుప్పటి సంచిలోనే ఉంది, సంచి వీపునే ఉంది, గుండీ తియ్యలేకపోయాను. పళ్ళతో పట్టి లాగాను. గొర్రెలకాపరి ఒకాయన చూసి తన గుడిసెకి లాక్కెళ్ళి, "పరుగెత్తేవాళ్ళని చూస్తే నా కుక్కకి కూడా జాలేస్తుంది" అని తిట్టి, వేడి పాలు తాగించాడు. వారం జ్వరం.

ఆ చలిలో అసెన్ నాకు కొంచెం కూడా అర్థం కాలేదు. అందుకే పరుగు రోజు అదే గట్టు మీద ఇంకోసారి చూడాలి. ఇక్కడ కాదు, అక్కడ.

మీ బేరానికి నేను ఒప్పుకోలేను అమ్మమ్మా. మాటిచ్చి తప్పడం కంటే ఇవ్వకపోవడం మేలు కదా. ఫొటో మీ ఇష్టం. కంచె దగ్గరికి మాత్రం రండి.

విహ్రా


దోబ్రినిష్టె,
ఆగస్టు ఆఖరు

విహ్రా,

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. గొర్రెలకాపరి కుక్క ముందే జాలిపడిందన్నావు కాబట్టి నా వంతు తగ్గించుకుంటున్నాను.

బేరం కుదరకపోయినా ఫొటో వేశాను. ఎందుకని అడగకు. ముసలిదాన్నయ్యాను, ఓడిపోవడం నేర్చుకోవాలి కదా. నిన్న ఏడాది ప్రకటనలు అంటించాను. వాడు టోపీ వెనక్కి తిప్పుకుని బస్టాండులో అందర్నీ చూసి నవ్వుతున్నాడు. బేకరీ ఆవిడ బయటికొచ్చి, "అయ్యో, ఇదీ అసెన్ అంటే. ఆ టై కట్టుకున్నవాడెవడో నాకు తెలియనే తెలియదు" అంది. నేనేమీ అనలేదు. ఆశ్చర్యపడి బన్ను ఊరికే ఇచ్చింది.

చర్చిలో వాడి ఏడాది పూజకి, అక్కడ పంచడానికి గోధుమలు ఉడకబెడతాను. పరుగుకి ముందురోజే పూజ, వస్తే మంచిది.

కంచె దగ్గరికి వస్తాను. నువ్వు కోటిస్తే అందుకుని నీ నెత్తినే కొడతాను. గురి ఇంకా తప్పలేదు, వెనక బెంచీవాళ్ళ మీద సుద్దముక్కలు విసిరిన చెయ్యి ఇది.

నెవెనా


దోబ్రినిష్టె,
సెప్టెంబరు, పరుగుకి వారం ముందు

విహ్రా,

దీన్నీ బస్సు డ్రైవరుకే ఇస్తున్నాను, పోస్టులో వేస్తే పరుగు అయిపోయాక చేరుతుంది. కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం చిక్కుడుగింజల సూపు పొయ్యి మీదుండగా ఎవరో తలుపు కొట్టారు. నలభై దాటినవాడు, కొండ బూట్లు, చంకలో కాగితం పొట్లం. సెర్బియా మనిషి, పిరోట్ ఊరు, పేరు ల్యుబిషా. వాళ్ళ మాట మనకి తెలుస్తుంది, మన మాటనే రైలు తప్పిపోతున్నవాడు మాట్లాడినట్టుంటుంది.

"బస్టాండులో ఒక ఫొటో ఉంది. ఆ అబ్బాయి ఇల్లు ఇదేనా అమ్మా?" అన్నాడు.

"ఇదే. ప్రకటనలు అచ్చువేసేవాడివైతే పక్క వీధి చూసుకో."

నవ్వలేదు. పొట్లం విప్పాడు. నీలం కోటు. మెడ దగ్గర తగిలించే దారం తెగితే నేనే కుట్టాను, నీలం దొరక్క ఆకుపచ్చ దారంతో. ఆ ఆకుపచ్చ నన్ను చూసింది.

కంచె అవతలి పోకిరీ దొరికాడనుకున్నాను. "వెనక్కివ్వడానికి ఏడాది పట్టిందా? అక్కడ నిలబడి దీన్ని అందుకున్నది నువ్వేనా?" అన్నాను.

"కాదమ్మా. కోటు వదిలేసినవాణ్ని నేను. తనిఖీ అయ్యాక నాది మా బావమరిదికి అందించేశాను. మీవాడు ఇవ్వలేదు. మీవాడిది మీవాడి దగ్గరే ఉంది."

గట్టు మీద వడగళ్ళలో ఇతను ఒక రాతిని కావలించుకుని కూర్చుండిపోయాడట. వెనకనుంచి అసెన్ వచ్చాడు. తన కోటు తీసి ఇతనికి తొడిగాడు, చిన్నపిల్లాడికి తొడిగినట్టు ఒక్కొక్క చెయ్యీ దూర్చి. ఇతను వద్దంటే, "నేను వేగంగా వెళ్తాను అన్నా, నాకు చలెయ్యదు. కిందికెళ్ళాక మాత్రం మర్చిపోకుండా ఇచ్చెయ్యండి. మా అమ్మమ్మ కొన్నది. ఆవిడ నోరు మీకు తెలియదు" అన్నాడట.

అని, పరిగెత్తాడు. కాలు మడతపడకపోతే నిజంగానే చలేసేది కాదేమో.

ఇతన్ని మరి కొంతమంది కొండకి అవతలి వైపు దించారు, ఆస్పత్రి నుంచి అలాగే సరిహద్దు దాటించి ఇంటికి తీసుకెళ్ళారు. ఎవరో ఒక కుర్రాడు పోయాడని విన్నాడు. "పేరు అడగలేదమ్మా. అడిగితే తెలిసిపోతుందని" అన్నాడు. మార్చిలో ధైర్యం చేసి ఒకసారి మనూరు వచ్చాడట. బస్టాండులో ప్రకటన చూశాడట. టై కట్టుకున్న ఎవరో పిల్లాడు. "అమ్మయ్య, ఇతను కాదు" అనుకుని తేలిగ్గా వెళ్ళిపోయాడు. మళ్ళీ నిన్న వచ్చాడు, ఈసారి పరుగువాళ్ళని అడిగి, కోటు సొంతదారుణ్ని వెతికి ఇచ్చేద్దామని. బస్సు దిగగానే ఎదురుగా టోపీ.

ఆ టై కట్టించింది నేను. చదువుకున్నదాన్ని కదా.

"సూపు తాగుతావా?" అన్నాను. తల కిందికి పైకి ఆడించాడు. గిన్నె తీసేశాను. అతను బిక్కమొహం వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, మనం కాదనడానికి ఆడించినట్టు వాళ్ళు ఔననడానికి ఆడిస్తారని. మళ్ళీ పెట్టాను. ఇద్దరం కాస్త నవ్వాం. నవ్వుతూనే అతను ఏడ్చాడు. నాకింకా రాలేదు.

కోటు ముఖానికి పెట్టుకుని చూశాను. వాళ్ళింటి సబ్బు వాసనేసింది. ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చాడు పాపం. వెనక్కిచ్చేశాను. పోయినవాళ్ళ బట్టలు ఆత్మశాంతికని ఇస్తాం, ఇచ్చినవి తిరిగి తీసుకోం. అసెన్ ఆ తంతు తన చేతులతో తనే జరిపించుకున్నాడు. నేనెవర్ని లాక్కోవడానికి? లాక్కుందామనే అనిపించింది.

ఇంకోటి కూడా రాస్తాను, చదివి చించెయ్యి. అతనికిద్దరు ఆడపిల్లలు. ఫొటో చూపించాడు. పెద్దదానికి ముందుపళ్ళు ఊడాయి, ముద్దుగా ఉంది. దాన్ని చూస్తూ నేననుకున్నాను: ఈ పిల్లలు తండ్రి లేకుండా పెరిగినా సరే, నా మనవడు పిసినారిలా ఆ కోటు మెడదాకా బిగించుకుని కిందికి దిగొచ్చి ఉంటే బాగుండేది. ఏదో పొరపాటున వచ్చిన ఆలోచన కాదు. రాత్రంతా అదే అనుకున్నాను. అనుకుంటూనే ఉంటాను. అతనికి మాత్రం సూపు ఇంకో గరిటె వేశాను.

ఏడాది పొడుగునా వాడు తక్కువ మోశాడని తిట్టాను. వాడు ఒక్కడికి సరిపడా మోశాడు. అక్కడ ఇద్దరున్నారు. ఇప్పుడు ఎవరి మీద కోప్పడాలో తెలియక పొద్దున పొయ్యి వెలిగించలేదు.

వాడు పరిగెత్తినట్టే పరిగెత్తాలన్నావు. వాడెలా పరిగెత్తాడో తెలిశాక నాకు ముందుకంటే ఎక్కువ భయంగా ఉంది. కోటు లేకుండా పోయేదాన్ని తిట్టి ఆపగలను. ఒంటి మీది కోటు ఇచ్చేసేదాన్ని ఏమని ఆపను?

రెండు తీసుకెళ్ళు. ఒకటి ఇవ్వడానికి. నీది మాత్రం ఎవరికీ ఇవ్వకు, ఎవరు అడిగినా, ఎంత వణికినా. క్లాసులో ఇలాంటి మాట చెప్పి ఉంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు. అయినా చెబుతున్నాను.

అమ్మమ్మ


ప్లొవ్‌దివ్,
సెప్టెంబరు, పరుగు అయ్యాక

అమ్మమ్మా,

నీతో ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కేశాను. నోరు తెరిస్తే ఆగేదాన్ని కాదు. "మీరు" కూడా ఎక్కడో కొండ మీద పడిపోయింది, వెతకలేదు.

కంచె దగ్గర నువ్వు రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకుని నిలబడ్డావు. నేనేమైనా ఇస్తే అందుకోకూడదనే కదా? నేనేమీ ఇవ్వలేదు. రెండు కోట్లూ నా దగ్గరే ఉన్నాయి. తనిఖీ ఆయన చూసి, "ఏం చెల్లెమ్మా, దుకాణం పెడుతున్నావా పైన?" అన్నాడు.

రోజంతా ఎండే. నువ్వూ చూశావుగా, ఒక్క మబ్బు లేదు. రెండో కోటు ఎవరికైనా ఇవ్వాలని ప్రతి ముఖంలోకీ చూశాను. ఒకమ్మాయి మోకాలు చీరుకుని కూర్చుంటే పరిగెత్తుకెళ్ళి, "చలేస్తోందా?" అని అడిగాను. "ఎండలో చలేంటక్కా, వడదెబ్బ తగిలిందా నీకు?" అంది. అందరూ బాగున్నారు. బాగున్నందుకు అందరి మీదా కోపమొచ్చింది.

గట్టు మీద ఆగాను. ల్యుబిషాగారు చెప్పిన రాయి ఏదో తెలియలేదు, అన్నీ రాళ్ళే. ఏదో ఒక దాని పక్కన నిలబడి, సంచిలోంచి నా కోటు తీసి తొడుక్కున్నాను. ఆ ఎండలో, మెడదాకా. వెనక వచ్చేవాళ్ళు నన్ను చూసి తప్పుకుని పోయారు.

తర్వాత తీసి చూశాను. వాడికి ఎంత కష్టమై ఉంటుందో తెలుసుకుందామని.

ఏమీ కష్టం కాదమ్మమ్మా. ఒక జిప్పు, రెండు చేతులు. ఊరికే వచ్చేస్తుంది. నన్ను తలుచుకున్నాడా లేదా అని ఏడాదిగా అడుగుతున్నాను కదా. తలుచుకునేంత సేపు పట్టదు. ఎదురుగా ఒకడు వణుకుతున్నాడు, చేతులు వాటంతటవే వెళ్ళిపోతాయి. నావీ వెళ్ళిపోతాయి. రెండు మోసినా అక్కడ ముగ్గురుంటే?

గడువు దాటాక దిగాను. నా పేరు జాబితాలో వెయ్యరు. నువ్వు ముగింపు గీత దగ్గర కుర్చీలో కూర్చునే ఉన్నావు, నేను నీ వెనక నుంచి వెళ్ళిపోయాను.

నీ
విహ్రా


దోబ్రినిష్టె,
సెప్టెంబరు ఆఖరు, నీ ఉత్తరం అందిన రోజే

విహ్రా,

నువ్వు వెనక నుంచి వెళ్ళడం చూశాను. చెవులే పోయాయి, కళ్ళు కాదు. కనబడింది కదా, కాళ్ళూ చేతులూ ఉన్నాయి కదా అని కుర్చీ మడిచి ఇంటికొచ్చాను. ఇంటికొచ్చాక వచ్చింది, ఏడాదిగా రానిది. పొరుగావిడ పైకప్పు కూలిందేమోనని పరిగెత్తుకొచ్చింది.

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. గట్టు మీద కోటు తీశానని రాశావు. ఎంత తేలిగ్గా వచ్చిందో రాశావు. మళ్ళీ తొడుక్కున్నావా?

అది రాయలేదు. వెంటనే రాయి.

అమ్మమ్మ